ఈ వారం పత్రిక పంపటం లేదు

జూన్ 9, శుక్రవారం

ఒరే బావమరిదీ,

మేమిద్దరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టటం నాకు అలవాటు. ఈసారి ఆ వాక్యం వదిలేసి నేరుగా సంగతికి వస్తున్నాను. ఈ వారం పత్రిక నీకు పంపటం లేదు. వచ్చేవారమూ రాదు. ఏజెంటుకి చెప్పి మాన్పించేశాను.

నువ్వు ఎగిరిపడతావని తెలుసు. ఇరవై రెండేళ్లుగా ప్రతి శుక్రవారం ఆ రాజకీయ వారపత్రిక మా గుమ్మంలో పడటం, నేను ఎర్ర పెన్సిలుతో అంచుల్లో రాసుకుంటూ చదవటం, సోమవారం నీకు పోస్టు చెయ్యటం, నువ్వు నీలం పెన్సిలుతో నన్ను తిట్టి తిప్పి పంపటం మన ఇద్దరికీ ఊపిరి తీసుకున్నంత మామూలైపోయింది. ఏడాది తిరిగేసరికి ఆ యాభై రెండు సంచికల్నీ మీ అక్క కుడుతుంది, నేను అట్ట వేసి వీపు మీద సంవత్సరం అద్ది బీరువాలో పెడతాను. పుస్తకాలు బైండింగ్ చేసేవాడి ఇంట్లో ఆ మాత్రం విలాసం ఉండొద్దూ? లోకంలో బావా బావమరుదులు పేకాటతో పొద్దుపుచ్చుతారు. మనం మంత్రివర్గాలతో పొద్దుపుచ్చాం.

మొన్న బీరువా తెరిచి తొమ్మిదేళ్ల కిందటి సంపుటం తీశాను. ఒక పేజీలో పెద్దక్షరాలతో ‘చారిత్రక నిర్ణయం’ అని ఉంది. పక్కన నేను ‘చరిత్ర క్షమించదు’ అని ఎర్రగా రాశాను. దాని కింద నువ్వు ‘నీ మొహం’ అని నీలంగా రాశావు. ఆ నిర్ణయం ఏమిటో వ్యాసం రెండుసార్లు చదివితే గానీ నాకు గుర్తు రాలేదు. ఆ వారం మనిద్దరం దాని గురించి నిద్రాహారాలు మానేసినంత పని చేశాం.

కారణం ఇప్పుడే అడక్కు. చదివింది చాలనిపించింది, అంతే అనుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకు రాస్తున్నావంటావేమో. ఫోన్‌లో నువ్వు నా మాట వింటూనే ఇంకేదో చూస్తుంటావు. నీ ‘ఆఁ, ఆఁ’ల మధ్య ఖాళీ నాకు వినిపిస్తుంది. ఉత్తరమైతే ఓ పావుగంట పూర్తిగా నాతో ఉంటావు.

మీ అక్క ఆశీస్సులు చెప్పమంది.

నీ బావ


జూన్ 13, మంగళవారం

బావా,

నీ ఉత్తరం అందింది. కవరు ఇస్తూ పోస్టుమ్యాన్, “ఈ వారం బరువు తగ్గిందేంటండీ” అన్నాడు. ఆయనకి కూడా అలవాటైపోయింది మన గొడవ.

కారణం అడగొద్దన్నావు గానీ నాకు తెలుసులే. పద్నాలుగో పేజీ. కిందటి నెల ఆఖరి సంచికలో సంపాదకీయం పక్కన నువ్వు చాంతాడంత రాస్తే, నేను ‘ముసలాడివైపోతున్నావు బావా’ అని రాశాను. సరదాకి రాశాను. అలిగినవాడు అలిగానని చెప్పాలి గానీ, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పత్రిక మీద పడితే ఎలా?

పైగా అక్కని కూడా నా మీదికి ఎగదోసినట్టున్నావు. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రోజుకి పదైనా పంపుతాను ఆవిడకి, వార్తలో, ప్రసంగాలో, నవ్వు పుట్టించే బొమ్మలో. వారం నుంచి ఒక్కటీ తెరిచి చూడలేదు. నీ అలకలో ఆవిడకి వాటా ఎందుకు?

నా ఫోన్ మీద నువ్వు విసిరిన చురక కూడా తగిలింది. లిఫ్టులు బాగుచేసేవాడి బతుకు నీకేం తెలుసు? మేడ పైన మోటారు గదిలో కూర్చుని, రావలసిన సామాను కోసం గంటలకి గంటలు ఎదురుచూడాలి. ఆ గంటల్లో ఫోన్ చూస్తే తప్పేంటి? నువ్వు వారానికోసారి తెలుసుకునేది నేను నిమిషానికోసారి తెలుసుకుంటాను. నిజం చెప్పాలంటే నీ పత్రిక నా చేతికి వచ్చేసరికి అందులో ప్రతిదీ పాచివార్తే. అయినా ఇన్నాళ్లూ నీ ఎర్ర గీతల కోసం చదివాను. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు.

లోకం సంగతి పట్టనివాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు నీ కొట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పింది నువ్వు కాదా? ఇప్పుడు నువ్వే పలక పక్కన పడేస్తే నేను ఎవరితో పోట్లాడాలి? ఫోన్‌లో పోట్లాడేవాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లెవరికీ నా పేరు కూడా తెలియదు.

అలక తీరగానే పత్రిక పంపు.

నీ బావమరిది


జూన్ 18, ఆదివారం

ఒరే,

అలకా లేదు, పాడూ లేదు. పద్నాలుగో పేజీలో నువ్వేం రాశావో నేనింకా చూడనేలేదు. ఆ సంచిక కట్ట విప్పకుండా అలాగే ఉంది.

కాస్త కూర్చుని చదువు. మీ అక్కకి కుడి కంట్లో పొర ఊడింది. కంటి లోపల వెనకవైపు గోడకి అంటుకుని ఒక పొర ఉంటుందట, చూపంతా దాని పనేనట. అది చిరిగి ఊడి వచ్చింది. పన్నెండో తారీఖున ఆపరేషన్ చేశారు. అది అయ్యేదాకా నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చూపు ఎంతవరకు వస్తుందో డాక్టరమ్మ చెప్పటం లేదు. “ఇంకొంచెం ముందు రావాల్సిందండీ” అని మాత్రం అంది.

ఎందుకు ముందు వెళ్లలేదో రాస్తాను. జూన్ రెండో తారీఖు, శుక్రవారం. నేను పత్రికలో ఉన్నాను. మీ అక్క టీ తెచ్చి, “కంట్లో మెరుపుల్లాగా వస్తున్నాయి” అంది. నేను ఊఁ అన్నాను. సాయంత్రం, “ఒక పక్క నల్లటి తెర దించినట్టుంది” అంది. మళ్లీ ఊఁ అన్నాను. ఇదేదీ నాకు గుర్తుండి రాస్తున్నది కాదు. డాక్టరమ్మకి తను చెప్తుంటే పక్కన కూర్చుని విన్నాను. ఆ రోజు సంచికలో ఏముందో అడుగు, పేజీల వారీగా చెప్తాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మా కొట్లో ఫారాలు కుట్టేది తనేనని నీకు తెలుసు. నాలుగైదు కాగితాలు కలిపి మడిచిన ఒక్కో ఫారానికీ దబ్బనంతో నాలుగు చిల్లులు పొడవాలి, అన్ని ఫారాల చిల్లులూ ఒక గీత మీదికి రావాలి. ఆ శనివారం తను కుట్టిన రిజిస్టరులో చిల్లులు పక్కకి జరిగిపోయాయి. ముప్పై ఏళ్లలో తన కుట్టు వంకర పోవటం నేను చూడలేదు. చూసినవాణ్ణి ఏమైందని అడగాలా? “ధ్యాస ఎక్కడుంది?” అని కసిరాను. ఆ మాట నేను తనని అన్నానురా.

ఏడో తారీఖున తనే ఆస్పత్రికి బయలుదేరింది. చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోతూ తలుపుకి భుజం కొట్టుకుంది, అటువైపు తలుపు ఉందని కనబడక. ఆ చప్పుడుకి నేను తలెత్తాను.

ఇప్పుడు కంట్లో గాలిలాంటిది నింపారు. అది ఆ పొరని వెనక్కి అదిమిపట్టాలంటే ఇరవై రెండో తారీఖు దాకా మొహం నేలకేసి ఉంచాలి. పడుకున్నా అంతే, కూర్చున్నా అంతే. అందుకని ఇప్పుడే రావద్దు. నువ్వు గుమ్మంలో కనబడితే మీ అక్క తలెత్తకుండా ఉండలేదు.

నీ బావ


జూన్ 21, బుధవారం

బావగారికి,

మీ ఉత్తరం చేరింది.

ఇంట్లో మనిషికి కన్ను పోతుంటే మీరు మంత్రుల రాజీనామాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. పెళ్లినాటికి నాకు పదిహేనేళ్లు. అక్కని మీ చేతుల్లో పెట్టి వస్తూ మా నాన్న నాతో, “చదువుకున్నవాడురా, కళ్లలో పెట్టుకు చూసుకుంటాడు” అన్నాడు. ఆయన లేకపోవటమే మంచిదైంది.

నాకు ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పుంటే మర్నాడు తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉండేవాణ్ణి. మా ఊళ్లో పెద్ద కంటి ఆస్పత్రి ఉంది. దాంట్లో లిఫ్టులు చూసేది నేనే, అక్కడ ప్రతి డాక్టరూ నాకు తెలుసు. అక్క నాకు చెప్పలేదంటే మీరు చెప్పనివ్వలేదనే కదా అర్థం?

నిన్న మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తింది. “బానే ఉన్నాన్రా చంటీ, నీ పని చూసుకో” అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. గొంతులో ఏదో దాస్తోంది. ఇప్పుడు కూడా మిమ్మల్ని వెనకేసుకొస్తోందని నాకు తెలియదా?

పత్రిక మాన్పించానని గొప్పగా రాశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? రావద్దన్నారు గనక రాను. తోడబుట్టినవాణ్ణి రావద్దనే ఇంటికి ఎలా రావాలో నాకు తెలియదు.

ఇట్లు


జూన్ 27, మంగళవారం

ఒరే చంటీ,

మీ అక్క పిలిచే పేరుతో పిలుస్తున్నాను, ఏమనుకోకు. నీ ఉత్తరంలో నేను కాదనేది ఒక్కటే, ఆ ‘గారు’. ఇరవై రెండేళ్లలో నన్ను నువ్వు అనని తిట్టు లేదు, ఒక్కటీ గుచ్చుకోలేదు. ఇది గుచ్చుకుంది. తిడితే తిట్టు, నువ్వు అని తిట్టు. మిగతాదంతా నువ్వన్నట్టే.

ఇరవై రెండో తారీఖు దాటింది. మీ అక్క తలెత్తింది. చూపు సంగతి ఇంకా తెలియదు. ఆ గాలి కరిగేదాకా కంట్లో నీళ్లగ్లాసు ఊగుతున్నట్టు ఉంటుందట. వచ్చేనెల పదిహేనున డాక్టరమ్మ చూసి చెప్తానంది.

ఆ పది రోజుల సంగతి నీకు చెప్పాలి. మంచం అంచుకి నుదురు ఆనించి బోర్లా పడుకుంటే తనకి కనబడేది గచ్చు ఒక్కటే. రెండో రోజు, “ఈ గచ్చులో పగుళ్లు లెక్కపెట్టటం అయిపోయింది, ఇంకేదైనా చూపించు” అంది. ఏం చూపించాలో తోచక చాప పరుచుకుని, తన మొహానికి సరిగ్గా కింద వెల్లకిలా పడుకున్నాను. ఎడమ కంటితో కాసేపు చూసి, “పగుళ్లే నయం” అంది.

అలా రోజుకి నాలుగైదు గంటలు పడుకున్నాను. చేతిలో ఏమీ లేదు, చదవటానికి ఏమీ లేదు. మొదటి రోజు నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఒక మనిషి మొహాన్ని ఊరికే చూస్తూ ఉండటం ఇంత కష్టమా అనిపించింది. గడ్డం కింద చిన్న మచ్చ ఉంది తనకి. ఎప్పటిదని అడిగితే, “పెళ్లికి ముందుదే” అంది. సిగ్గుతో చచ్చాను.

మాటల్లో ఒక గుట్టు బయటపడింది. మన పత్రికలన్నీ తను చదివేదట. ఏడాది చివర కుట్టేటప్పుడు ఒక్కో ఫారం మడుస్తూ వ్యాసాలూ, మన పోట్లాటలూ అన్నీ చదివేదట. “మీరిద్దరూ వేడివేడిగా చదివి నాలుక కాల్చుకునేవాళ్లు. నేను ఏడాది ఆగి చదివేదాన్ని. ఎవరు అబద్ధం చెప్పారో అప్పటికి దానంతటదే తేలిపోయేది” అంది. నువ్వు ఎక్కువసార్లు తప్పా, నేనా అని అడిగాను. “ఇద్దరూ సమానమే. కాకపోతే వాడి దస్తూరీ బాగుంటుంది” అంది.

పత్రిక మాన్పించానని చెప్పినప్పుడు తను మెచ్చుకోలేదు. “దాన్నంటావేం? నువ్వు గోడకేసి చూస్తూ కూడా ఊఁ అనగలవు” అంది. అదీ నిజమే. లోకం కోసం తెగ బాధపడేవాణ్ణి కదా, అదంతా బూటకం కాదు. కానీ ఆ బాధలో ఒక సుఖం ఉంది. దూరంగా ఉన్నవాళ్ల కష్టానికి మనం లేచి వెళ్లక్కర్లేదు, అంచులో నాలుగు ముక్కలు గీకితే సరిపోతుంది. ఇంట్లో మనిషి చెప్తే లేవాలి, చెప్పులు వేసుకోవాలి. నేను లేవలేదు.

ఇప్పుడు నువ్వు రావచ్చు. మీ అక్క రోజూ అడుగుతోంది.

నీ బావ


జూలై 5, బుధవారం

బావా,

నాలుగు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరం చూశాక అక్క మొహం చూడాలనిపించింది. గడ్డం కింద మచ్చ నాకూ గుర్తు రాలేదు. ఎప్పుడో ఆవిడ పంపిన ఫొటో ఉండాలని ఫోన్‌లో వెనక్కి వెతుక్కుంటూ పోయాను. అన్నీ నేను పంపినవే. ప్రసంగాలు, తిట్లు, వెక్కిరింపులు, ‘అందరికీ పంపండి’ అని రాసినవి. గుట్టల కొద్దీ ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట అక్క మాటలు. జూన్ రెండో తారీఖు, సాయంత్రం ఏడూ పది.

‘చంటీ, కుడి కంట్లో మెరుపులు వస్తున్నాయి. ఒక పక్క నల్లటి తెర దించినట్టుంది. మీ ఊరి కంటి ఆస్పత్రిలో ఎప్పుడు రమ్మంటారో కనుక్కుంటావా?’

దాని కింద నా జవాబు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ. ఏడూ పదకొండు. దాని కింద, ఏడూ పన్నెండుకి, ఎవరో ఇద్దరు నాయకులు అరుచుకుంటున్న వీడియో.

నాకు ఆ సాయంత్రం గుర్తే లేదు బావా. ఏం చూశానో, ఏం నొక్కానో తెలియదు. అక్క దాన్ని సరేనన్నట్టు అనుకుని ఉంటుంది. అనుకోదా మరి? తమ్ముడు కనుక్కుని చెప్తాడని ఐదు రోజులు ఆగి ఉంటుంది. నువ్వు ఊఁ అన్నావు. నేను సరేనన్నాను. ఊఁ అన్నవాడి మీద ఎవరూ ఆశ పెట్టుకోరు, సరే అన్నవాడి కోసం ఆగుతారు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నా నలుపు తేదీతో, నిమిషంతో సహా నా జేబులోనే ఉంది.

ఎక్కడ ఎవరు లిఫ్టులో ఇరుక్కుని గంట నొక్కినా తింటున్న ముద్ద వదిలేసి పరిగెత్తేవాణ్ణి. మా అక్క గంట నొక్కితే వేలు చూపించాను.

నీకు ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిస్తే నా ఆ పాడు ఉత్తరానికి అంత నెమ్మదిగా జవాబు రాసి ఉండేవాడివి కాదు. నీ మీద అన్న ప్రతి మాటా నాకు నేను అనుకోవలసింది. అక్క గొంతులో దాచుకున్నది నిన్ను కాదు, నన్ను.

ఫోన్‌లో నేను చేరిన వార్తల గుంపులు పదిహేడు. అన్నిట్లోంచీ బయటికి వచ్చేశాను. ఏమైందని ఒక్కడూ అడగలేదు. మోటారు గదిలో ఊరికే కూర్చుంటున్నాను. చెయ్యి దానంతటదే జేబులోకి పోతోంది, లాక్కుంటున్నాను. నాలుగు రోజులకే ప్రసంగాలు చేసినవాళ్ల పేర్లు మర్చిపోతున్నాను. అక్క రాసిన మూడు వాక్యాలు మాత్రం కళ్లు మూసినా కనబడుతున్నాయి.

నువ్వు రమ్మన్నావు. నేను రాలేను. ఆవిడకి ఏ మొహం పెట్టుకుని కనబడమంటావు? కన్ను సంగతి డాక్టరు ఏమన్నదీ రెండు ముక్కలు రాయి, చాలు.

నీ బావమరిది


జూలై 16, ఆదివారం

ఒరే చంటీ,

తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

ఐదు రోజులు ఎందుకు ఆగారని డాక్టరమ్మ అడిగితే, “మా తమ్ముడు కనుక్కుంటానన్నాడండీ” అంది మీ అక్క. బయటికి వచ్చాక ఫోన్ తీసి చూపించింది. నాకు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ బొమ్మని కత్తిరించి ఉత్తరంలో అంటించి పంపుదామనుకున్నాను. నా ఊఁ పక్కన ఇంకో తప్పు దొరికిందని లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు? మీ అక్క కనిపెట్టేసింది. “వాడికి చెప్పావంటే వాడు జన్మంతా మోస్తాడు. నువ్వు ఎలాగూ మోస్తున్నావు కదా, వాడిది కూడా నువ్వే మొయ్యి” అంది. ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దన్నది ఒట్టులో నేను నీకు రాసిన సగమే. మిగతా సగం ఇది.

కాబట్టి నీ ఉత్తరంలో తిట్లు నాకు రావలసినవీ నీకు రావలసినవీ కలిపి తిన్నాను. సరదాగా ఏమీ లేదు. కానీ నువ్వు రాసిన దాంట్లో ఒక తప్పుంది. ఊఁ అన్నవాడి మీద ఎవరూ ఆశ పెట్టుకోరన్నావు. పెట్టుకుంది. సాయంత్రం రెండోసారి చెప్పింది అందుకే కదా. నేను పలికి ఉంటే నీకు రాసి ఉండేదే కాదు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. మన పిడికిళ్లు రెండూ నిండాయి, మళ్లీ మళ్లీ తూచుకోవద్దు.

పత్రిక మళ్లీ తెప్పిస్తున్నాం. మీ అక్క మాటే. వచ్చింది వచ్చినట్టు విప్పటం లేదు. నెల రోజులు పక్కన పెట్టి, తర్వాత నేను పైకి చదువుతుంటే తను వింటుంది. నెల మాగేసరికి సగం కుళ్లిపోతుంది, మిగిలిన సగం మాత్రం నిజంగా తెలుసుకోవలసిందే. మధ్యలో తను ఏదైనా అంటే పేజీ ముయ్యాలి, అది షరతు. కట్ట విప్పని ఆ పాత సంచికతో మొదలుపెట్టాం, సంపాదకీయం ఒక్కటే మూడు రోజులు పట్టింది.

నిన్న డాక్టరమ్మ పరీక్ష చేసింది. పొర అతుక్కుంది. కన్ను పోలేదు. కానీ పాత చూపు రాదట. ఆ కంటికి అక్షరాలు ఆనవు, నిలువు గీత వంకరగా కనబడుతుంది. రెండు కళ్లకీ పొత్తు కుదరటం లేదు గనక చిల్లులు ఇక మీదట నేను పొడుస్తాను, తను చేత్తో తడుముకుని కుడుతుంది. రిజిస్టరు ఒకటి అలాగే పూర్తి చేశాం. కుట్టు నేరుగానే వచ్చింది.

నువ్వు రాసింది మొత్తం తనకి చదివి వినిపించాను. ‘ఏ మొహం పెట్టుకుని’ అన్న చోట ఆపమంది. తర్వాత, “ఆ కంటితో వాణ్ణి ఇంకా చూడలేదు. రమ్మను” అంది.

శనివారం బయలుదేరు. ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. ఆ కంటికి మూరెడు దూరం దాకే మనిషి మనిషిలా కనబడతాడు. అంతకంటే వెనక ఉంటే ఎవరైనా ఒక నీడే. గుమ్మంలో తలవంచుకుని నిలబడితే మీ అక్క ఆ కంటికి కనబడవు. లోపలికి వచ్చి కుడిపక్కన కూర్చో, బాగా దగ్గరగా.

నీ బావ